ఎడమ చెంప మీద టీ కప్పు

కత్తి గోడ మీంచి దిగింది.

రొట్టెల పిండి పిసుకుతున్న పెలాగియా చేతులు అక్కడికక్కడే ఆగిపోయాయి. శీతాకాలం మొదట్లో నది గడ్డకట్టిన నాటి నుంచి కిటికీ పక్కన మేకుకే వేలాడుతున్న కత్తి అది. అర్ధచంద్రుడిలా వంగిన అంచు, దంతపు పిడి, ఆ పిడి మీద ఒక ముసలి బొటనవేలు జీవితమంతా నొక్కి నొక్కి చేసిన పల్లం. చనిపోయిన చుంగాయర్ అవ్వ కత్తి. అవ్వ కూతురు, అత్తగారు మత్రోనా, దుమ్ము తుడుస్తానన్నా కోడల్ని దాని దగ్గరికి రానిచ్చేది కాదు.

ఇప్పుడు ఆ మత్రోనాయే దాన్ని కొంగులా జారిన తన గౌను అంచుతో తుడిచి, నేల మీద అట్టముక్క పరుచుకుని పైక్ చేప ముందు కూర్చున్న పదహారేళ్ల పిల్ల చేతిలో పెట్టింది.

"ఇదుగో అమ్మా, నీ కత్తి."

ఆ 'అమ్మా' ఆడపిల్లల్ని ముద్దుగా పిలిచే అమ్మా కాదు. కూతురు కన్నతల్లిని పిలిచే పిలుపు. విమానం దిగిన రోజు నుంచీ ఆ పిల్లకి ఈ ఇంట్లో అదే పేరు. విన్నప్పుడల్లా పెలాగియాకి గొంతులో చేపముల్లు గుచ్చుకున్నట్టే ఉంది.

ఆ పిల్ల అసలు పేరు ఫిలెము. ఆంకరేజ్ నగరంలో చదువుతోంది. వాళ్ల తాతలెప్పుడో సమోవా దీవుల వెచ్చటి సముద్రం వదిలి వచ్చి ఆ చలి నగరంలో స్థిరపడ్డారు. ఆ బడి పిల్లలు అరడజను మంది ఈ వారం ఈ ఊరికి, నునాచువాక్ బడికి వచ్చారు, నునాచువాక్ పిల్లలు అరడజను మంది అక్కడికి వెళ్లారు. ఒకరి మంచం మీద ఒకరు పడుకుని, ఒకరి తిండి ఒకరు తిని, ఒకరి బతుకు ఒకరు చూడాలని రెండు బడుల ఏర్పాటు. పెలాగియా ఆడపడుచు నాడియా అక్కడ ఫిలెము మంచం మీద ఉంది. ఫిలెము ఇక్కడ నాడియా మంచం మీద ఉంది. అంతవరకే అయితే ఏ గొడవా ఉండేది కాదు. ఈ పిల్ల వచ్చి చచ్చిపోయిన అవ్వ చోట్లో కూర్చుంది.

"జాగ్రత్త అమ్మమ్మా," అన్నాడు పెలాగియా మొగుడు ఎవాన్, బల్ల మీద మంచుబండి తాలూకు ఏదో ఇనుప ముక్కని గీకుతూ. "నువ్వు బతికున్నప్పుడే అది నీ మాట వినేది కాదు."

వాళ్ల భాష తెలియని ఫిలెము అతని మొహం చూసి నవ్వింది. వాళ్ల నవ్వులు కలిశాయి. ఎవాన్ నవ్వితే ఎడమ కన్ను కుడికన్నుకంటే ముందు మూతపడుతుంది. పెళ్లయిన కొత్తలో, అంటే ఇంకా కొత్తే, ఆ కన్ను మూసుకోవడం తన కోసమే అనుకునేది పెలాగియా. ఇప్పుడది ఊరందరికీ పంచిపెట్టే మిఠాయి అయిపోయింది.

మత్రోనా తమ భాషలో, ఆ పిల్లకి అర్థం కాకుండా, కొడుక్కీ కోడలికీ చెప్పింది. రేపు సాయంత్రం బడి హాల్లో వీడ్కోలు ఆటపాట ఉంది కదా, డోళ్ల ముందు నిలబెట్టి ఊరందరి ఎదుటా ఈ పిల్లకి చుంగాయర్ పేరు పెడుతుందట. అవ్వ చేత పట్టుకుని ఆడిన గడ్డి విసనకర్రలు కూడా ఇచ్చేస్తుందట. చలికాలమంతా వెతికాను, దొరికింది, ఇంక నా వెతుకులాట అయిపోయింది, అంది.

"అత్తయ్యా," అంది పెలాగియా పిండి వైపే చూస్తూ, "వారం ఉండి వెళ్లిపోయే పిల్ల."

"వెళ్తే వెళ్తుంది. మా అమ్మ మటుకు ఎప్పుడు ఇంటిపట్టున ఉంది గనక."

"మనవాళ్ల పిల్ల కూడా కాదు."

మత్రోనా తలెత్తి కోడలి వంక చూసింది, అంతే. నువ్వు మాత్రం మొన్న మొన్నటిదాకా మనవాళ్ల పిల్లవా అన్నట్టుంది ఆ చూపు. పెలాగియా నదికి ఎగువన ఇంకో ఊరి నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చింది, చేపల కాలంలో. ఇన్నాళ్లలో అత్తగారు తనని 'ఎవాన్ పెళ్లాం' అని తప్ప ఇంకో మాటతో పిలిచింది లేదు.

ఫిలెము చేప పొట్ట చీల్చింది. వంకరగా చీల్చింది. మత్రోనా మురిసిపోయింది.

పిండిలో పిడికిలి గుద్దింది పెలాగియా.

*

ఇదంతా ఒక్క టీ కప్పు వల్ల వచ్చింది.

వచ్చిన రోజు సాయంత్రం మత్రోనా అతిథికి టీ పోసి ఇచ్చింది. ఫిలెము కప్పుని రెండు చేతులా పట్టుకుని, ఎడమ చెంపకి ఆనించి, కళ్లు మూసుకుని, ముక్కులోంచి సన్నగా "ఊమ్" అని మూలిగి, అప్పుడు తాగింది. మత్రోనా చేతిలో కెటిల్ ఒరిగి టీ నేల మీద పడింది. ఎవరూ తుడవలేదు.

చుంగాయర్ అవ్వ అలా తాగేది. ఆ వైపు దవడ పన్ను ఒకటి ఏళ్ల తరబడి సలిపేది. విమానంలో వచ్చే పళ్ల డాక్టరుని అవ్వ ఒక్కనాడూ నోటి దగ్గరికి రానివ్వలేదు. వేడి కప్పే మందు. పన్ను దానంతటదే ఊడిపోయినా అలవాటు ఊడిపోలేదు. లోకంలో అలా టీ తాగే మనిషి ఇంకొకరు లేరు.

"వచ్చావా," అంది మత్రోనా, నేల మీద కూలబడి ఆ పిల్ల మోకాళ్లు పట్టుకుని. "ఇంత ఆలస్యం చేశావేమే అమ్మా."

పోయినవాళ్లు పేరు వెతుక్కుంటూ వస్తారు. ఎవరిలో కనిపిస్తే వాళ్లకి ఆ పేరు, ఆ వరస. ఊళ్లో ముక్కు కారుతున్న పసివాడిని ముసలాయన 'నాన్నా' అని పిలిచి ముందు వాడికే మాంసం పెట్టడం మామూలే. అవ్వ పోయాక మత్రోనా చుట్టాల్లో ఒక్క కాన్పూ కాలేదు. పూటపూటా కంచంలోంచి చిటికెడు తీసి మూల నేల మీద వదిలి, అమ్మ ఎక్కడ తిరుగుతోందో, ఎంత దాహంగా ఉందో అని గొణుక్కునేది. చలికాలమంతా ఆవిడ సరిగ్గా తిన్నది లేదు. ఫిలెము కప్పు చెంపకి ఆనించిన ఆ సాయంత్రం రెండు కంచాలు తింది.

ఆ టీ సంగతిలో అసలు గుట్టు పెలాగియా ఒక్కదానికే తెలుసు.

ఆ రోజు పొద్దున క్లినిక్‌లో నర్సమ్మ ఆమె చేయి పట్టుకుని, నువ్వు కడుపుతో ఉన్నావు అని చెప్పింది. బయటికొస్తే మంచు మీద ఎండ పడి ఊరంతా చక్కెర పోసినట్టు మెరుస్తోంది. తన బూట్ల చప్పుడు కూడా తనకి ముద్దొచ్చింది. అలా గాల్లో తేలుతూనే బడికి వెళ్లింది. చిన్నపిల్లల క్లాసులో ఆమె సహాయ టీచరు. నగరం పిల్లలు అప్పుడే దిగారు. వాళ్ల సామాన్ల బండి ఎక్కడో మంచులో దిగబడితే టీచర్లూ ఊరి పిల్లలూ అటు పరిగెత్తారు. బడి వంటగదిలో ఆరుగురు పిల్లలు చలికీ కొత్తకీ బిగుసుకుని కూర్చున్నారు. పెలాగియా టీ పెట్టి వాళ్లని నవ్వించాలనుకుంది. సీల్ వేటకి వెళ్లొచ్చినవాడు ఎలా తాగుతాడో చూపించింది. చర్చి ఫాదరు గడ్డం తడవకుండా ఎలా తాగుతాడో చూపించింది. తర్వాత, ఆ పొద్దుటి నుంచీ మనసంతా ఆవిడే ఉంది కాబట్టి, అవ్వ ఎలా తాగుతుందో చూపించింది.

అవ్వ బతికున్నప్పుడు కూడా చూపించేది, అవ్వకే. చేపల గుడారంలో ఇద్దరే ఉన్నప్పుడు. అవ్వ పొట్ట పట్టుకుని నవ్వి, "నాకంటే నువ్వే నాలా తాగుతున్నావే," అనేది.

వంటగదిలో అయిదుగురు పిల్లలు నవ్వారు. ఫిలెము నవ్వలేదు. శ్రద్ధగా చూసి నేర్చుకుంది. వాళ్ల ఇంట్లో పెద్దల ముందు ఎలా కూర్చోవాలో, ఎలా వంగి నడవాలో అన్నిటికీ ఒక పద్ధతి ఉంటుందట. ఇక్కడ టీకి ఇదే మర్యాద కాబోలు అనుకుంది పాపం.

ఆ సాయంత్రమే చెప్పేసి ఉంటే నవ్వులాటగా తేలిపోయేది. కానీ మత్రోనా రెండో కంచం తింటూ ఉంటే పెలాగియా నోరు పెగల్లేదు. ఎవాన్‌కి కడుపు సంగతి చెబుతూ పెడదామని, డీప్ ఫ్రీజర్ అడుగున దాచిన ఆఖరి బెర్రీ పళ్లు కొవ్వులో గిలకొట్టి అకూతాక్ చేసి ఉంచింది. దాంట్లో తొలి చెంచా కూడా 'అమ్మమ్మ'కే పోయింది. ఎవాన్‌కి గిన్నె అడుగు మిగిలింది. సంగతి పెలాగియా నోట్లోనే ఉండిపోయింది.

*

చేప పులుసు ఉడుకుతుండగా నాడియా ఫోన్ చేసింది. మత్రోనా ఫోన్ బల్ల మీద పెట్టి అందరికీ వినబడేలా నొక్కింది.

నాడియా గొంతు గలగలా పారింది. ఫిలెము వాళ్ల ఇల్లు ఎంత వెచ్చగా ఉందో, చర్చిలో అంతా గొంతెత్తి పాడుతుంటే ఒళ్లు ఎలా ఝల్లుమందో చెప్పింది. కొబ్బరిపాలలో ఉడికించిన ఆకుకూర రెండుసార్లు అడిగి పెట్టించుకుందట. వాళ్ల నాన్నమ్మ రోజూ తనని ముందు కూర్చోబెట్టుకుని తలకి కొబ్బరినూనె రాసి జడలు వేస్తోందట. ఉండిపో పిల్లా, నిన్ను మళ్లీ పంపను అంటోందట.

మత్రోనా మొహం మెల్లగా ముడుచుకుంది.

"నూనె రాస్తోందా? తలకా?"

"ఎంత బాగుంటుందో అమ్మా. నిద్రొచ్చేస్తుంది."

"నేను దువ్వుతానంటే ఎప్పుడైనా కూర్చున్నావా నువ్వు?"

ఫోన్ పెట్టేశాక మత్రోనా పులుసు గిన్నె మీద మూత కాస్త గట్టిగా వేసింది. ఆ చప్పుడు విని పెలాగియాకి ప్రాణం లేచొచ్చింది. తన గొంతులో ఇరుక్కున్న ముల్లు ఇంకో గొంతులో చూడటం ఎంత హాయి.

"పాపం పెద్దావిడ, ప్రేమ కొద్దీ రాస్తోంది లెండి అత్తయ్యా," అంది తియ్యగా.

"మన పిల్లకి మనం లేమా."

"అదే నేనూ అంటున్నాను," అంది పెలాగియా.

మత్రోనా ఆమె వంక చూడలేదు. కొబ్బరినూనె వాసన ఆ దూరమంతా దాటి ఇక్కడిదాకా వచ్చినట్టు కిటికీ తెరిచింది. చలి లోపలికి కొట్టింది. అయినా మూయలేదు.

*

వసారాలో గడ్డకట్టిన చేపల సంచుల మధ్య ఎవాన్ని పట్టుకుంది పెలాగియా.

ఆ వసారా అంటే ఆమెకి ఇష్టం. పెళ్లయిన వారంలో వాళ్లిద్దరూ ఏకాంతంగా మాట్లాడుకోగలిగిన చోటు అదొక్కటే. నిలువుగా పేర్చిన చేప తోకలు మొహాలకి తగులుతుంటే ముద్దులు పెట్టుకునేవారు. ఎవాన్ తన చేతితొడుగులో ఆమె చేయి కూడా దూర్చి, రెండు చేతులూ ఒకే తొడుగులో పట్టేలా కుట్టమని ఉత్తుత్తి గాంభీర్యంతో చెప్పేవాడు. ఆమె నిజంగానే కుట్టడం మొదలెట్టింది.

ఇప్పుడు అతని చేతులు అతని జేబుల్లో ఉన్నాయి.

"అవ్వ పేరు ఆ పిల్లకి పెట్టొద్దని చెప్పు మీ అమ్మకి."

"ఎందుకు?"

"ఎందుకంటే వద్దు."

"పదహారేళ్ల అమ్మమ్మ మీద కుళ్లుకుంటున్నావా పెలా?" అని నవ్వాడు. ఆ పాడు కన్ను మూసుకుంది.

ఆమె చేప తోకని వేలితో తోసి, అది ఊగడం ఆగేదాకా చూసింది. పేరు ఇద్దరు ముగ్గురికి పెట్టుకోవడం ఊళ్లో ఉన్నదేగా, రేపు మనకి పుట్టిన పిల్లకీ పెట్టుకోవచ్చు, అంటున్నాడు అతను. ఎప్పుడో పుట్టబోయే పిల్ల గురించి మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు. ఆ బిడ్డ అప్పటికే తన కడుపులో, చేప తోకలకి అంత దగ్గరలో ఉందని అతనికేం తెలుసు.

"పేరు పెట్టుకోవచ్చు. మీ అమ్మ ఇంకోసారి అలా ఏడుస్తుందా? ఇంకోసారి అలా మోకాళ్లు పట్టుకుంటుందా? వెతుకులాట అయిపోయిందంది, విన్నావుగా. తర్వాత వచ్చినవాళ్లు మిగిలిపోయిన పేరు తగిలించుకున్నవాళ్లే."

ఎవాన్ నవ్వు ఆగింది. అమ్మ తింటోంది పెలా, అన్నాడు. నిన్న నా మీద కేకలేసింది కూడా. నువ్వు పెళ్లికి వచ్చినప్పటి మా అమ్మ ఇది. ఇంకో రెండు రోజులు ఓర్చుకోలేవా?

ఆ మాట నిజమే. నిజమైనందుకే ఒళ్లు మండింది.

"మీ అమ్మమ్మకి ఆకలేస్తోందేమో, వెళ్లి చూడు," అని తలుపు తీసింది.

అతను వెళ్లాడు. నిజంగానే వెళ్లాడు.

*

మర్నాడు పొద్దున ఫిలెముని తీసుకుని నది మీదకి వెళ్లింది పెలాగియా. పిల్లకి మంచులో చేపలు పట్టడం చూపించు అని మత్రోనాయే పంపింది. అమ్మకి అదంటే ప్రాణం, అంది.

మంచులో తొలిచిన రంధ్రాల పక్కన బకెట్లు బోర్లించి కూర్చుని, పొట్టి కర్రలకి కట్టిన దారాలు పైకీ కిందకీ ఆడించసాగారు. ఎండ వీపు మీద దుప్పటిలా ఉంది. ఆ పిల్ల పక్కన లేకపోతే పెలాగియా ఈలవేసేది.

అవ్వ మాట గుర్తొస్తోంది. చివరిసారి ఆవిరి గదిలో, వేడి రాళ్ల మీద నీళ్లు చల్లుతూ అవ్వ అంది. నేను పోయాక నీ గుమ్మంలోంచే వస్తానే పిల్లా, తలుపు బిగించుకోకు, అంది. ఆవిరిలో మొహం కనబడలేదు. మాట మాత్రం వినబడింది. వేరే ఎవరూ లేరు వినడానికి.

"అక్కా, ఒకటి అడగనా?" అంది ఫిలెము. "ఆ ఇంట్లో నేను తప్ప ఇంకెవరూ కప్పు చెంపకి ఆనించడం లేదు. ఎవాన్ ఆనించడు. మీరూ ఆనించరు. నేను ఆనించినప్పుడల్లా పెద్దావిడ కళ్లనీళ్లు పెట్టుకుంటారు. నేనేమైనా తప్పు చేస్తున్నానా?"

దారం ఆగింది పెలాగియా చేతిలో.

పిల్లకి ఏమీ తెలియదు. ఎవరూ చెప్పలేదు. అమ్మా అంటున్నారు, కత్తి ఇస్తున్నారు, తొలి ముక్క పెడుతున్నారు, ఇక్కడ అతిథులంటే ఇంత ప్రేమ కాబోలు అనుకుంటోంది. నిజం చెప్పడానికి ఇదే సమయం. నాలుగు మాటలు చాలు.

"తప్పేం కాదు," అంది పెలాగియా. "కానీ అది వచ్చిన రోజు చేసే మర్యాద. ఒక్కసారి చేస్తే చాలు. రోజూ చేస్తే పెద్దవాళ్లకి ఇబ్బందిగా ఉంటుంది. ఇవాళ్టి నుంచి మామూలుగా తాగు."

మాట ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది. సరిగ్గా అప్పుడే దారం లాగింది. చేయంత పొడుగు పైక్ మంచు మీద పడి తోక టపటపా కొట్టుకుంది. ఏ సంబరానికి నవ్వుతోందో తెలియకుండానే నవ్వింది పెలాగియా.

ఫిలెము కూడా నవ్వి, తేలికపడినట్టు ఊపిరి వదిలింది.

"చెప్పినందుకు థాంక్స్ అక్కా. ఇక్కడ నాకు ఉన్నదున్నట్టు చెప్పేది మీరొక్కరే."

*

సాయంత్రానికి మత్రోనా కస్పెక్ కుట్టడం ముగించింది. టోపీ ఉన్న పొడుగు చొక్కా, కడుపు మీద పెద్ద జేబు, నీలం పువ్వుల గుడ్డ. ఫిలెము తొడుక్కుని గిర్రున తిరిగింది. జేబు చుట్టూ ఎర్రటి వంకీల పట్టీ మూడు వరసలు వేసింది మత్రోనా. పెలాగియా పెళ్లి కస్పెక్‌కి ఒక్క వరసే వేసింది. పెలాగియా లెక్కపెట్టకూడదనుకుంది. లెక్కపెట్టింది.

బయట ఇంకా ఎండ ఉంది. గోడ మీద రేడియోలో ఊళ్లోవాళ్లు ఒకరినొకరు పిలుచుకుంటున్నారు. డోళ్లు ఎవరు తెస్తున్నారని ఒకరు, మా ఇంట్లో కుర్చీలు ఎవడు ఎత్తుకుపోయాడని ఒకరు. మత్రోనా గుడ్డలో చుట్టిన విసనకర్రలు ఒళ్లో పెట్టుకుంది. అల్లిన గడ్డి మీద తెల్లటి దుప్పి వెంట్రుకలు వణుకుతున్నాయి. వెళ్లే ముందు టీ తాగుదాం అంది.

అందరికీ పోసింది. అమ్మకి ముందు.

ఫిలెము కప్పు అందుకుని, ఊది, మామూలుగా తాగింది.

మత్రోనా చూస్తూ ఉంది. మరిచిపోయిందేమో అన్నట్టు ఆగింది. ఫిలెము ఇంకో గుక్క తాగి, బాగుంది అన్నట్టు, ఇక్కడ నేర్చుకున్న తీరులో కనుబొమలు పైకెత్తింది. మత్రోనా కెటిల్ ఎత్తి, నిండుగా ఉన్న కప్పులోనే ఇంకాస్త పోసింది. ఫిలెము వేళ్లు కాలినట్టున్నాయి, కప్పు అంచు పట్టుకుంది. చెంప దగ్గరికి తీసుకెళ్లలేదు.

రేడియోలో కుర్చీల గొడవ నడుస్తోంది.

మత్రోనా ఒళ్లోంచి విసనకర్రలు తీసి గుడ్డలో తిరిగి చుట్టింది. ముడి వేసింది. ముడి మీద ముడి వేసింది.

"అమ్మ వెళ్లిపోయింది," అంది తమ భాషలో. "ఏదో తప్పు చేశాను."

గోడ వైపు తిరిగి కూర్చుంది. ఎవాన్ బూటు ఒకటి తొడుక్కుని రెండోది చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. పెలాగియా తను కోరుకున్నది ఇదే అని గుర్తుచేసుకుంది. ఇదే. ఆ చిన్నబోయిన వీపు, పైన జారిన జడ, నిన్న మూత గట్టిగా వేసిన ఆ చేతులు ఇప్పుడు నేల మీద దేనికోసమో తడుముకుంటున్నట్టు ఉండటం, ఇదంతా కలిపి కోరుకోలేదు.

"నేను ఏం చేశాను?" అని ఎవాన్ని అడిగింది ఫిలెము భయంగా, ఇంగ్లీషులో. అతను జవాబు చెప్పేలోగా తనే మత్రోనా దగ్గరికి జరిగి, "కప్పు గురించా? అక్క వద్దంది. ఒక్క రోజు చేస్తే చాలంది," అంది.

మత్రోనా వెనక్కి తిరిగింది. పిల్ల వైపు కాదు, కోడలి వైపు.

"ఎందుకు వద్దన్నావు?"

పెలాగియా నేల వైపు చూసింది. ఎవాన్ చేతిలో బూటు వైపు చూసింది.

"ఎవాన్ పెళ్లామా, నిన్నే. మా అమ్మని ఎందుకు పొమ్మన్నావు?"

"నా దగ్గరికి వస్తానంది గనక."

అది తన గొంతులా లేదు. ఇంక ఆగలేదు. ఆవిరి గదిలో అవ్వ అన్న మాట, తలుపు బిగించుకోకు అన్న మాట, అంతా చెప్పేసింది. నేను కడుపుతో ఉన్నాను అత్తయ్యా, ఈ పిల్ల దిగిన రోజే తెలిసింది. ఆ గుమ్మంలోంచి రావాల్సిన మనిషిని మీరు విమానం ఎక్కించి పంపిస్తానంటే నేనెలా చూస్తూ ఊరుకోను. బడి వంటగది మాట మాత్రం చెప్పలేదు.

బూటు నేల మీద పడింది.

"పెలా," అన్నాడు ఎవాన్. ఒక్క అడుగు వేశాడు. రెండు కళ్లూ ఒకేసారి తడిశాయి.

మత్రోనా చేయి అడ్డం పెట్టి కొడుకుని ఆపింది. కోడలి మొహం చూసింది, కడుపు చూసింది, మళ్లీ మొహం చూసింది. ఆ చూపులో కోపం ఎంతో ఆశ ఎంతో తేల్చుకోవడం పెలాగియా వల్ల కాలేదు. తర్వాత ఆవిడ లేచి, పై అరలో చెయ్యి పెట్టి, అంచు పెచ్చులూడిన నీలం కప్పు దింపింది. అవ్వ కప్పు. దాన్ని ఫిలెముకి కూడా ఇవ్వలేదు ఇన్నాళ్లూ.

టీ పోసింది. పెలాగియా చేతుల్లో పెట్టింది.

"తాగు."

"అత్తయ్యా…"

"నువ్వు చెప్పింది నిజమైతే అమ్మ నీలోనే ఉంది. ఎలా తాగాలో అమ్మకి తెలుసు. నేను చూస్తాను."

కప్పు కాలుతోంది. పెలాగియా చేతులకి దారి తెలుసు. అవ్వ పొట్ట పట్టుకుని నవ్విన ఆ గుడారంలో ఎన్నోసార్లు వెళ్లిన దారే. మోచేయి కొద్దిగా ఎత్తితే చాలు, పేరు తన బిడ్డది, విసనకర్రలు తన బిడ్డవి, ఇంక ఈ ఇంట్లో తను ఎవాన్ పెళ్లాం మాత్రమే కాదు. ఎత్తకపోతే అవ్వ నిజంగా అన్న మాట కూడా అబద్ధమైపోతుంది. ఎత్తితే, నిజంగా అన్న ఆ మాట పక్కన ఒక దొంగ సాక్ష్యం వచ్చి కూర్చుంటుంది.

రేడియో గరగరమంది. "మత్రోనా, డోళ్లు వేడెక్కాయి, మీ ఇంటివాళ్ల కోసమే ఆగాం," అని పిలిచారు.

మత్రోనా కదల్లేదు. ఎవాన్, ఊ, కానీ, అన్నట్టు కనుబొమలు ఎత్తాడు. పెలాగియా కప్పు పైకెత్తింది. గడ్డం దాకా తెచ్చింది. అక్కడ ఆపింది. ఆవిరికి కళ్లు చెమర్చాయి.

వాళ్లు తమ భాషలో అనుకున్నదేదీ ఫిలెముకి అర్థం కాలేదు. కానీ అక్క చేతిలో కప్పు, అందరి కళ్లూ ఆ కప్పు మీదే ఉండటం అర్థమయ్యాయి. అక్క ఏదో మర్యాద మరిచిపోయి తడబడుతోందనుకుంది. తనకి ఉన్నదున్నట్టు చెప్పిన అక్క. ఒంగి, సాయం చేస్తున్నట్టు మెల్లగా ఇంగ్లీషులో అంది.

"ఎడమ చెంప, అక్కా. ఆ రోజు బడిలో మాకు చూపించారు కదా, అలాగే."

మత్రోనాకి ఇంగ్లీషు బాగానే వచ్చు.

ఆవిడ చేతిలో కెటిల్ మూతి ఇంకా కోడలి కప్పు వైపే వంగి ఉంది. రేడియో మళ్లీ పిలిచింది. ఇంట్లో ఎవరూ గుమ్మం వైపు వెళ్లలేదు.